సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు: వేడెక్కితే ట్రాఫిక్‌లో ఆగిపోతోంది, చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతోంది (బెంగళూరు)

మారతహళ్లి వాసి:

నమస్కారం. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు తీసుకున్నాను. 2014 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, బీఎస్4. మీటరులో 78 వేల కిలోమీటర్లు కనిపిస్తున్నాయి. నాకంటే ముందు ఇద్దరు ఓనర్లు.

పొద్దున చల్లటి ఇంజను మీద ఏ ఇబ్బందీ లేదు. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, పికప్ బాగుంది, హైవే మీద 100లో కూడా నిలకడగా వెళ్తుంది. గొడవంతా సాయంత్రం పూటే. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏసీ వేసుకుని, బెళ్లందూరు దాటి సిల్క్ బోర్డు దాకా ఫస్టు, సెకండు గేర్లలో పాకుతూ వెళ్తే ఉన్నట్టుండి ఇంజను ఆగిపోతోంది. ముందుగా జర్క్ కూడా ఇవ్వదు. ఆ తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా తిరుగుతుందే గానీ అందుకోదు. పక్కకు తోసి, బానెట్ ఎత్తి ఓ ఇరవై నిమిషాలు ఆరనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ సగం దాటలేదు, కూలెంట్ తగ్గలేదు.

ఇప్పటిదాకా మార్పించినవి: ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ట్యాంకులోని పెట్రోల్ పంపు, చివరికి క్రాంక్ సెన్సర్ (ఇంజను తిరగడాన్ని పసిగట్టేది). ఏది మార్చినా కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి మళ్లీ మొదటికొస్తోంది. స్కానర్ పెట్టి చూసి లోపాల కోడ్‌లేవీ లేవన్నారు. ఇంకో చిన్న తేడా కూడా ఉంది. బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించిన వెంటనే స్టార్ట్ చేస్తే కాస్త మొరాయిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే అందుకుంటుంది.

ఇప్పుడు కాయిల్స్ (ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చేవి) మార్చమంటున్నారు, దాంతో పోకపోతే ఈసీయూ (ఇంజను కంప్యూటరు) అంటున్నారు. ఇక గుడ్డిగా డబ్బు పెట్టదలచుకోలేదు. మల్టీమీటరు, ఫోనుకు కలిసే బ్లూటూత్ ఓబీడీ అడాప్టరు (ఈసీయూ లెక్కలు చదివేది), మామూలు స్పానర్లు ఉన్నాయి. ఏ వరసలో చూడాలి?

పానా పట్టకారు:

కాయిల్స్ జోలికి వెళ్లకండి. మీ తరహా ఇంజన్లలో సిలిండరుకు ఒక కాయిల్ విడిగా ఉంటుంది. ఒకటి పోతే బండి మూడు సిలిండర్ల మీద వణుకుతూ నడుస్తుంది తప్ప ఆగిపోదు. నాలుగూ ఒకే క్షణంలో పోయి, ఇరవై నిమిషాలకు నాలుగూ కోలుకోవడం జరిగే పని కాదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తెగుతోంది: కరెంటో, ఎర్తో, క్రాంక్ సిగ్నలో.

ఏదైనా విప్పే ముందు, ఈసారి బండి ఆగేటప్పుడు కొన్ని సంగతులు గమనించి రాయండి. మొదటిది డ్యాష్‌బోర్డు. ఆయిల్, బ్యాటరీ దీపాలు వెలగడం మామూలే, కీ ఆన్‌లో ఉండి ఇంజను తిరగకపోతే అవి వెలుగుతాయి. అలా కాకుండా డ్యాష్‌బోర్డు మొత్తం నల్లబడి స్టీరియో కూడా ఆగితే దారి వేరు: ఇగ్నిషన్ స్విచ్చి, బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు చూడాలి. రెండోది ఆర్‌పీఎం ముల్లు. బండి గేరులోనే దొర్లుతుండగా, మీరు క్లచ్ తొక్కకముందే, ముల్లు మెల్లగా దిగిందా, టక్కున సున్నాకు పడిందా? మూడోది, ఆగాక కీ తిప్పితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందా, వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుర్రుమంటోందా? ఆ లైటే వెలగకపోతే ఈసీయూకి కరెంటు అందడం లేదని అర్థం. అప్పుడు మెయిన్ రిలే (ఈసీయూకి కరెంటు కలిపే స్విచ్చి), దాని ఫ్యూజు చూడాలి.

ఫ్లైఓవర్ మీద ఆగితే కంగారులో కీని లాక్ దాకా తిప్పకండి, స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఇంజను ఆగాక బ్రేక్ బూస్టరులో ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా వ్యాక్యూమే మిగులుతుంది. పంపు కొట్టినట్టు తొక్కకుండా ఒకే తొక్కుతో ఎడమ పక్కకు తీసుకెళ్లి ఆపండి, హజార్డ్ లైట్లు వేయండి.

మారతహళ్లి వాసి:

గమనించాను అన్నా. డ్యాష్‌బోర్డు, స్టీరియో, ఏసీ ఫ్యాను అన్నీ మామూలుగానే ఉన్నాయి. సెకండ్ గేరులో దొర్లుతుండగానే ముల్లు టక్కున సున్నాకు పడింది, మెల్లగా దిగలేదు. కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే చెక్ ఇంజన్ లైటు వెలిగింది, పంపు రెండు సెకన్లు మోగింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం పంపు మోగడం లేదు. పంపు మార్చమన్నది కూడా అందుకే.

మల్టీమీటర్:

మీరు చెప్పిన రెండో సంగతితోనే సగం దారి తేలిపోయింది. సెకండ్ గేరులో, క్లచ్ వదిలి ఉండగా, చక్రాలు ఇంజనును తిప్పుతూనే ఉంటాయి. అంటే క్రాంక్ షాఫ్టు తిరుగుతోంది, ముల్లు మాత్రం సున్నా అంటోంది. ఇంజను ఆగడం వల్ల ముల్లు పడలేదు. ముల్లు చూపించే సిగ్నల్ పోవడం వల్ల ఇంజను ఆగింది. ఆ సిగ్నల్ క్రాంక్ సెన్సర్ నుంచి ఈసీయూకి వెళ్లి అక్కడి నుంచి మీటరుకు వస్తుంది.

పంపు సంగతి చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది, కాస్త వివరంగా చెప్తాను. కీ ఆన్ చేయగానే ఈసీయూ పంపు రిలేను సుమారు రెండు సెకన్లు ఆన్ చేసి లైనులో ఒత్తిడి నింపుతుంది. ఆ తర్వాత ఇంజను తిరుగుతోందని సిగ్నల్ వస్తేనే పంపును మళ్లీ నడుపుతుంది. యాక్సిడెంటులో పైపు తెగి ఇంజను ఆగినప్పుడు పంపు పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదని ఈ ఏర్పాటు. కాబట్టి క్రాంక్ సిగ్నల్ లేకపోతే పంపు నడవదు, ఇంజెక్టర్లు తెరుచుకోవు, ప్లగ్గుల్లో స్పార్క్ రాదు. మూడూ ఒకేసారి ఆగుతాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు మోగడం లేదంటే పంపు పోయిందని కాదు, దానికి నడవమనే ఆజ్ఞ అందలేదని.

కోడ్ ఎందుకు లేదంటే, నడుస్తుండగా సిగ్నల్ ఒక్కసారిగా మాయమైతే ఇంజను ఆపేశారనే చాలా ఈసీయూలు అనుకుంటాయి. సెల్ఫ్ కొన్ని సెకన్లు తిరిగి, క్యామ్ సెన్సర్ (వాల్వులు తెరిచే షాఫ్టును చూసేది) పల్సులు వస్తూ, క్రాంక్ పల్సులు రాకపోతేనే పీ0335 రాసుకుంటాయి. అది కూడా మొదట పెండింగ్ అరలో ఉండొచ్చు. షెడ్డులో బ్యాటరీ టెర్మినల్ తీసి పని మొదలుపెడితే ఆ కాస్త ఆధారం కూడా చెరిగిపోతుంది. అందుకే స్కాన్ ఎప్పుడూ బండి ఆగిన చోటే, ఏదీ ముట్టుకోకముందే చేయాలి. కన్ఫర్మ్డ్, పెండింగ్ రెండు అరలూ తెరవండి. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు (ఈసీయూ తన సొంత పరీక్షలు పూర్తి చేసిందో లేదో చెప్పేవి), కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం అనే లెక్క కూడా ఉంటాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనే ముందు ఈ రెండూ చూసి తీరాలి. మానిటర్లు చాలావరకు ఇన్‌కంప్లీట్ అని, దూరం పదో ఇరవయ్యో కిలోమీటర్లని వస్తే, మీకు చూపించడానికి ముందే ఎవరో కోడ్‌లు తుడిచారని లేదా బ్యాటరీ తీశారని లెక్క.

ఇక కొలతలు. యాప్‌లో లైవ్ డేటా తెరిచి ఆర్‌పీఎం పెట్టుకోండి. వేడి మీద బండి మొరాయించినప్పుడు సెల్ఫ్ కొట్టి చూడండి. సిగ్నల్ బాగుంటే 200 నుంచి 300 దరిదాపుల్లో అంకె కనిపించాలి. సున్నా అయితే అనుమానం రూఢి అయినట్టే. సిగ్నల్ కనిపిస్తూ కూడా స్టార్ట్ కాకపోతే అప్పుడు పెట్రోలు ఒత్తిడి వైపు వెళ్దాం.

సెన్సర్ కొత్తది వేశారు కాబట్టి ఇప్పుడు చూడాల్సింది దాని వైర్లు. కనెక్టరులో రెండు పిన్నులుంటే అది కాయిల్ చుట్టిన రకం. మూడుంటే సాధారణంగా హాల్ రకం, దానికి ఒక వైరులో కరెంటు, ఒకదానిలో ఎర్త్, మూడోదానిలో సిగ్నల్ ఉంటాయి. హాల్ సెన్సర్‌కు ఓమ్స్ కొలవడం దండగ. కరెంటు వైరు కొలిచేటప్పుడే అసలు పొరపాటు జరుగుతుంది. కనెక్టరు పీకి మీటరు పెడతారు, 12 వోల్టులు చూపిస్తుంది, వైరింగ్ బాగుందని తేల్చేస్తారు. డిజిటల్ మీటరు దాదాపు కరెంటు లాగదు. జాయింటులో వందల ఓమ్స్ అడ్డం ఉన్నా అది 12 అనే చూపిస్తుంది. సెన్సర్ తగిలించి పది ఇరవై మిల్లీఆంపులు లాగినప్పుడే ఆ అడ్డం దగ్గర వోల్టేజీ పడిపోతుంది. కాబట్టి కనెక్టరు పెట్టే ఉంచి, వెనక రబ్బరు సీలు పక్కనుంచి సన్నటి గుండుసూది వైరు వెంబడి లోపలికి దూర్చి, పిన్నుకు తాకించి కొలవండి. ఇన్సులేషన్‌కు రంధ్రం చేయకూడదు, అందులోంచి నీళ్లు చేరి పచ్చ చిలుము పడుతుంది. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కే పెట్టండి. ఎర్త్ పిన్ను మీద 0.1 వోల్టు లోపు ఉండాలి. కరెంటు పిన్ను మీద బ్యాటరీ వోల్టేజీకి అర వోల్టు లోపు తేడా ఉండాలి. మొదట చల్లగా ఉన్నప్పుడు ఒకసారి రాసుకోండి, వేడిగా ఆగినప్పుడు మళ్లీ చూడండి.

అపార్ట్‌మెంటు ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ వేసి, ఏసీ పెట్టి, బానెట్ మూసి ఐడిల్‌లో ఉంచితే ట్రాఫిక్ వేడి అక్కడే వస్తుంది. మూసిన బేస్‌మెంటులో ఈ పని చేయకండి, పొగ ప్రమాదం. ఇంజను నడుస్తుండగా వైరు కట్టను కనెక్టరు దగ్గర నుంచి పైకి కొంచెం కొంచెంగా కదిపి చూడండి. బెల్టుకూ ఫ్యానుకూ చెయ్యి దూరంగా ఉండాలి. ఎక్కడ కదిపితే ఇంజను తడబడుతుందో అక్కడే జబ్బు.

జయనగర్ 4వ బ్లాక్:

వైరింగ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ పెట్రోలును కూడా పూర్తిగా కొట్టిపారేయొద్దు. 2014 బండి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కోసం తయారైంది కాదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది అదే. వేడికి ఆవిరై పంపు లాగలేకపోవడం, కొత్త పంపు డూప్లికేట్ కావడం కూడా జరగొచ్చు. ఒత్తిడి కొలవకుండా పంపు బాగుందని ఎలా అంటారు?

మల్టీమీటర్:

న్యాయమైన ప్రశ్నే. ఒత్తిడి కొలవాల్సిందే, ఆ వరస తర్వాత వస్తుంది. ఇలాంటి పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో సాధారణంగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది, ఖచ్చితమైన అంకె మోడల్ మాన్యువల్‌లో చూసుకోవాలి. కానీ పెట్రోలు అందకపోతే లక్షణాలు వేరేగా ఉంటాయి. ఇంజను ముక్కుతుంది, జర్క్ ఇస్తుంది, ముల్లు మెల్లగా దిగుతుంది. పైగా ఆ తేడా లోడు మీద ముందు కనబడాలి. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు అయ్యే బండిలో పంపునో ఫిల్టరునో అనుమానించవచ్చు. ఈయన బండి హైవే మీద 100లో బాగుంది, పాకేటప్పుడు ఆగుతోంది.

ఈ20 గురించి లెక్క చెప్తాను. అచ్చమైన పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఆ లెక్కన ఈ20కి సుమారు 13.5. అంటే అదే గాలికి ఈ10 (10 శాతం ఇథనాల్) కంటే 4 శాతం దాకా, అచ్చమైన పెట్రోలు కంటే 8, 9 శాతం దాకా ఎక్కువ ఇంధనం చిమ్మాలి. ఆ తేడాను ఈసీయూ ఫ్యూయల్ ట్రిమ్ (చిమ్మే పెట్రోలును శాతాల్లో పెంచి తగ్గించే సవరణ) ద్వారా సర్దుకుంటుంది. పాత బండిలో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 5, 6 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఈ20తో అసలు భయం రబ్బరు సీళ్లు, పైపుల గురించి, ఇంకా ట్యాంకులో నీళ్లు చేరడం గురించి. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి అడుగుకు చేరుతుంది, పంపు ముందుగా లాగేది దాన్నే. అప్పుడు ఇబ్బంది చల్లటి స్టార్టింగులోనే మొదలవుతుంది.

మారతహళ్లి వాసి గారూ, ట్రిమ్ కూడా రెండు చోట్ల రాసుకోండి: ఐడిల్‌లో ఒకటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఒకటి. ఐడిల్‌లో ఎక్కువై 2,500 దగ్గర తగ్గితే ఎక్కడో గాలి లీకు. దానికి ఉల్టాగా ఆర్‌పీఎం, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు.

పోరూరు నుంచి:

చెన్నై నుంచి రెండు మాటలు. లైవ్ డేటాలో మ్యాప్ సెన్సర్ (ఇంజనులోకి గాలి వెళ్లే మ్యానిఫోల్డు గొట్టంలో ఒత్తిడి కొలిచేది) కూడా చూడండి. కీ ఆన్ చేసి ఇంజను ఆపి ఉంచితే అది బయటి గాలి ఒత్తిడిని చూపాలి. మా దగ్గర సముద్ర మట్టం కాబట్టి 100, 101 కిలోపాస్కల్ వస్తుంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, మీకు 91 దరిదాపుల్లో రావాలి. ఇంటర్నెట్‌లో చదివి 101 రాలేదని బెంగళూరులో మంచి సెన్సర్లు మార్పించేవాళ్లు ఉన్నారు. అలాగే రాత్రంతా ఆగిన బండిలో పొద్దున స్టార్ట్ చేయకముందు కూలెంట్ టెంపరేచర్, లోపలికొచ్చే గాలి టెంపరేచర్ దాదాపు ఒకటే ఉండాలి. ఒకటి 22, ఇంకొకటి 45 చూపిస్తే ఒక సెన్సర్ అబద్ధం చెబుతోంది. మైనస్ 40 వస్తే వైరు తెగిందనుకోండి.

ఇంకోటి, బండి మునిగిందేమో చూశారా? 2015 డిసెంబరు వరదల తర్వాత చెన్నై బళ్లు, 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు నీట మునిగిన బళ్లు, 2023 మిచౌంగ్ తుఫానులో మునిగినవి, ఇలాంటివన్నీ శుభ్రం చేసి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద నీటి గీత ఉంటుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద స్పాంజిలో సన్న ఒండ్రు, ఫ్యూజు పెట్టె అడుగున పచ్చ చిలుము. ఇవి కనిపిస్తే ఒక జాయింటుతో పోదు, ప్రతి కనెక్టరూ విప్పి చూడాల్సి వస్తుంది.

మారతహళ్లి వాసి:

అన్నీ చూశాను, అంకెలు ఇవి. మునిగిన గుర్తులు ఎక్కడా లేవు. మ్యాప్ కీ ఆన్‌లో 91. పొద్దున రెండు టెంపరేచర్లూ ఒక డిగ్రీ తేడాలో ఉన్నాయి. ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 13, 2,500 దగ్గర ప్లస్ 4.

ఐడిల్‌లో ఏసీ వేసి ఉంచితే అక్కడే ఆగింది. సెల్ఫ్ కొడుతుంటే యాప్‌లో ఆర్‌పీఎం సున్నా. కనెక్టరులో మూడు పిన్నులు. కనెక్టరు పీకి కొలిస్తే 12.4. పెట్టి వెనకనుంచి కొలిస్తే 6 దగ్గర ఊగుతోంది, ఒక్కోసారి 5కి దిగుతోంది. ఎర్త్ 0.02. చల్లారాక అదే పిన్ను మీద 12.3.

కార్పెట్లు ఎత్తినప్పుడు ఇంకోటి కనబడింది. డిక్కీలో స్టెప్నీ పక్కన రేకుకు నాలుగు బోల్టు రంధ్రాలు ఉన్నాయి, రబ్బరు బిరడాలతో మూసేశారు. డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ కింద చిన్న స్విచ్చి పట్టేంత రంధ్రం కూడా ఉంది. వీటికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

మల్టీమీటర్:

ఉంది. దాదాపు ఖాయంగా ఈ బండికి బయట ఎల్‌పీజీ కిట్ వేయించి తర్వాత పీకేశారు. డిక్కీ రంధ్రాలు గ్యాస్ ట్యాంకు బ్రాకెట్‌వి, స్టీరింగ్ కింద రంధ్రం గ్యాస్ నుంచి పెట్రోలుకు మార్చే స్విచ్చిది. ఆటో ఎల్‌పీజీ బంకులున్న బెంగళూరులో ఇది మామూలే.

సీక్వెన్షియల్ కిట్ (సిలిండరుకు విడివిడిగా గ్యాస్ చిమ్మేది) వేసేటప్పుడు బండి అసలు వైరింగును మూడు నాలుగు చోట్ల కోస్తారు. గ్యాస్ ఈసీయూకి కీ ఆన్‌లో వచ్చే 12 వోల్టులు ఎక్కడినుంచో తీసుకోవాలి, ఆర్‌పీఎం సిగ్నల్ తీసుకోవాలి, గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోలు ఇంజెక్టర్లు ఆగాలి కాబట్టి నాలుగు ఇంజెక్టర్ల వైర్లనూ మధ్యలో తెంచి కిట్ గుండా తిప్పాలి. మంచి ఫిట్టరు సోల్డర్ చేసి స్లీవ్ వేస్తాడు. తొందర పని అయితే రెండు వైర్లూ మెలిపెట్టి నల్ల టేపు చుడతారు. కిట్ పీకేటప్పుడు అవే చివరలను మళ్లీ మెలిపెట్టి వదిలేస్తారు. కొన్నేళ్లకు టేపు జిగురు వేడికి కారిపోతుంది, రాగి నల్లబడుతుంది, పోగులు వదులవుతాయి. వేడెక్కి కాస్త వ్యాకోచించగానే పట్టు పోతుంది, చల్లారితే మళ్లీ తగులుతుంది. మీరు ఏ భాగం మార్పించినా కొన్నాళ్లు బాగుండటం కూడా దీనివల్లే అయి ఉండాలి. పని చేసేటప్పుడు వైరు కట్ట కదిలి జాయింటు తాత్కాలికంగా అంటుకుంది.

ఇప్పుడు ఆ వైరు వెంబడి వెళ్లండి. సెన్సర్ కనెక్టరు నుంచి మొదలుపెట్టి కట్ట మీది ముడతల గొట్టం విప్పుతూ పైకి రండి. ఫ్యాక్టరీ చుట్టింది గుడ్డ టేపు. మెరిసే నల్ల ప్లాస్టిక్ టేపు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి. జాయింటు దొరికాక వేడి మీద దానికి అటు ఇటు మీటరు రెండు కొనలూ పెట్టండి. మంచి జాయింటయితే 0 దగ్గర చూపిస్తుంది, మీదాంట్లో 6 వోల్టులు అక్కడే కనిపించాలి. ఇంకో రుజువు: సెన్సర్ పీకి, కరెంటు పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు తగిలిస్తే పూర్తిగా వెలగాలి. వోల్టేజీ ముందు రాసుకున్నాకే బల్బు పెట్టండి, ఒక్కోసారి బల్బు లాగే కరెంటుకే జాయింటు మళ్లీ అంటుకుని దొంగ దొరకదు. వేరే బళ్లవాళ్లు ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక: మీ సెన్సరుకు వచ్చేది 5 వోల్టులైతే బల్బు పెట్టకండి, అది ఈసీయూ లోపలి నుంచి వచ్చే సన్న కరెంటు.

మారతహళ్లి వాసి:

దొరికింది! బ్యాటరీ ట్రే కింద, గేరు బాక్సు పైన కట్ట మలుపు తిరిగే చోట. టేపు విప్పితే మూడు వైర్లు కలిపి మెలిపెట్టి ఉన్నాయి, మూడోదాన్ని కత్తిరించి వదిలేశారు. రాగి నల్లగా, మసి పట్టినట్టు ఉంది. వేడి మీద అటు ఇటు కొలిస్తే 6.1 వోల్టులు. బల్బు పెడితే మిణుకు కూడా లేదు, బల్బు తీసి అదే చోట మీటరు పెడితే 12.4 అంటోంది. దీన్ని సరిగ్గా కలపడం ఎలా? ఇంజెక్టర్ల దగ్గర కూడా అదే నల్ల టేపు కనిపిస్తోంది.

పానా పట్టకారు:

బ్యాటరీ నెగటివ్ తీసి మొదలుపెట్టండి. నల్లబడిన రాగిని గీకి మళ్లీ కలపొద్దు. రెండు వైపులా మెరిసే రాగి వచ్చేదాకా కోసేయండి, నల్లదనం ఇన్సులేషన్ లోపల కూడా కొంత దూరం పాకి ఉంటుంది. అందువల్ల వైరు పొట్టి అవుతుంది. అదే మందం ఆటోమోటివ్ వైరు ముక్క మధ్యలో కలపండి, లాగి కలిపితే మళ్లీ తెగుతుంది. వేడిని తట్టుకునే వైరు అని అడిగి తీసుకోండి, ఇంటి వైరింగు వైరు పనికిరాదు. జేసీ రోడ్డులో వైరు, ముడతల గొట్టం, గుడ్డ టేపు దొరుకుతాయి. లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది.

జాయింటుకు క్రింపు స్లీవ్ వేసి సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కితే చాలు. సోల్డరే చేస్తానంటే రోజిన్ కోరు సీసం వాడండి, యాసిడ్ ఫ్లక్స్ వద్దు, అది లోపల రాగిని తినేస్తుంది. సోల్డర్ చేసిన చోట వైరు గట్టిపడి ఆ అంచు దగ్గర విరుగుతుంది. అందుకని జాయింటు ఊగకుండా దానికి రెండు వైపులా కట్టను క్లిప్పులతో బిగించాలి. కొత్త ముక్క రెండు కొనల జాయింట్లు పక్క వైర్ల జాయింట్లతో ఒకే చోట పడకుండా కాస్త ఎడంగా పెట్టండి. స్లీవును జిగురు అంచుల్లోంచి బయటికి కారేదాకా వేడి చేయండి. ఆ తర్వాత గుడ్డ టేపు, గొట్టం.

ఇంజెక్టర్ల దగ్గర నాలుగు వైర్లు తెంచి ఉంటే ఎనిమిది చివరలు అవుతాయి. ఇప్పుడు ఇబ్బంది లేదని వదిలేయకండి, రేపు ఒక సిలిండర్ మిస్ ఫైర్ అయ్యేది అక్కడే. ఒక్కో వైరు విప్పి, కలిపి, తర్వాతే ఇంకోదాన్ని ముట్టుకోండి. నాలుగూ ఒకేసారి కోసి పెట్టుకుంటే ఏది దేనిదో తెలియక ఇంజెక్టర్లు తెరుచుకునే వరస తారుమారవుతుంది.

పనయ్యాక వేడి మీద సెన్సర్ పిన్ను మళ్లీ వెనకనుంచి కొలవండి. అంతే కాదు, ఆర్‌సీ తీసి ఇంధనం గడి చూడండి. పెట్రోల్/ఎల్‌పీజీ అని ఉంటే, కిట్ తీసేసినట్టు ఆర్‌టీఓలో మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు క్లెయిము పెట్టే రోజు ఆ తేడా అడ్డం పడుతుంది.

మారతహళ్లి వాసి:

చాలా థాంక్స్ అన్నా. వైర్లన్నీ మార్చేశాను. ఏసీ వేసి ఐడిల్‌లో ఉంచి చూశాను, ఆగడం లేదు. బాగా వేడెక్కాక ఇంజను ఆపి కీ ఆన్‌లో కొలిచినా పిన్ను మీద 12.2 కంటే తగ్గడం లేదు. ఐడిల్‌లో ట్రిమ్ ప్లస్ 13 మాత్రం అలాగే ఉంది. పెట్రోలు కొట్టించాక మొరాయించడం కూడా ఉంది.

మల్టీమీటర్:

అది వేరే జబ్బు, దానికి అనుమానితులు ఇద్దరు. మొదటిది పర్జ్ వాల్వు. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని బొగ్గు డబ్బా నుంచి ఇంజనులోకి వదిలే చిన్న సొలెనాయిడ్ అది, కరెంటు లేనప్పుడు మూసి ఉండాలి. తెరిచి ఉండిపోతే మామూలప్పుడు గాలి లీకులా ట్రిమ్ పెంచుతుంది, ఫుల్ ట్యాంకు కొట్టించగానే డబ్బాలో నిండిన ఆవిరి అంతా మ్యానిఫోల్డులోకి వచ్చి స్టార్టింగును ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఐడిల్‌లో నడుస్తుండగా వాల్వు నుంచి మ్యానిఫోల్డుకు వెళ్లే పైపును గుడ్డ చుట్టిన నోస్ ప్లయర్‌తో నొక్కి, షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు మారేది) చూడండి. వెంటనే దిగిపోతే వాల్వు తీసి చేత్తో పట్టుకుని ఒక కొనకు పైపు ముక్క పెట్టి ఊదండి. కరెంటు లేకుండా గాలి దూరితే మార్చాల్సిందే.

పైపు నొక్కినా ట్రిమ్ కదలకపోతే మ్యానిఫోల్డు చూడండి. గ్యాస్ నాజిల్స్ కోసం సిలిండరుకు ఒకటి చొప్పున నాలుగు రంధ్రాలు తొలిచి ఉంటారు, కిట్ తీశాక వాటిని బోల్టులతోనో ఎం-సీల్ ముద్దతోనో మూసి ఉంటారు. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి ఒక్కో బిరడా చుట్టూ సబ్బు నీళ్లు బ్రష్‌తో రాయండి. లీకు ఉన్న చోట నురగ లోపలికి పీలుచుకుంటుంది, ఐడిల్ కాస్త మారుతుంది. కారుతున్న బిరడా తీసి, మర శుభ్రం చేసి, పెట్రోలును తట్టుకునే థ్రెడ్ సీలెంట్ రాసి అల్యూమినియం వాషరుతో బిగించండి. మ్యానిఫోల్డు ప్లాస్టిక్‌దైతే మరీ గట్టిగా తిప్పకండి, పగులుతుంది. తర్వాత కోడ్‌లు చెరిపి కొన్నాళ్లు నడిపి, రెడీనెస్ మానిటర్లన్నీ కంప్లీట్ అయ్యాక ట్రిమ్ అంకెలు ఇక్కడ పెట్టండి.